తల దువ్వుకొనుట వలన

తుమ్మలదిన్నె విమాన శిక్షణ కేంద్రంలో వాతావరణాన్ని రద్దుచేసింది ఆషాఢ మాసంలో. అంతకుముందు అక్కడ అన్ని ఊళ్ళలాగే ఎండ కాసేది, మబ్బు పట్టేది, ఈదురుగాలి వీచేది. రద్దయిన తర్వాత కూడా ఇవన్నీ జరుగుతూనే వచ్చాయి గానీ, లెక్కలోకి రావడం మానేశాయి.

అది జరిగిన తీరు ఇది. పైనుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చాడు. కొబ్బరినీళ్ళు తాగాడు. షెడ్డులో ఉన్న రెండు చిన్న విమానాలనూ పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా దూరంనుంచే చూశాడు. ఆనక ఆఫీసులో కూర్చుని, విమానాలు ఎందుకు ఆలస్యమయ్యాయో రాసే రిజిస్టరు తెప్పించుకున్నాడు. తిరగేసేకొద్దీ ఆయన ముఖం బిగుసుకుంది.

"ప్రతి పేజీలో వాతావరణం, వాతావరణం అని రాసి ఉంది. ఎవరీ వాతావరణం?" అన్నాడు.

డైరెక్టరు చిదంబరేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "అంటే మబ్బులండి. గాలి, పొగమంచు వగైరా."

"మన ఉద్యోగా?"

"కాదండి."

"మెమో ఇస్తే పుచ్చుకుంటుందా?"

"పుచ్చుకోదండి."

"చర్య తీసుకోవడానికి వీల్లేనిది కారణం ఎలా అవుతుందయ్యా? ఆడలేక మద్దెల ఓడు అనడం ఇదే. ఇకమీదట ప్రతి ఆలస్యానికీ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఒక తప్పు ఉండాలి."

ఆయన కారు గేటు దాటకముందే డైరెక్టరు సిబ్బందిని సమావేశపరిచాడు. "వాతావరణం అను పదమును మన కార్యాలయ భాషనుండి తొలగించడమైనది. ఇకపై ఎవరైనా మరిచిపోయి వాన వచ్చేలా ఉంది అని పలికినచో, సదరు వ్యక్తి దానిని వ్యక్తిగత హోదాలో పలికినట్టుగా పరిగణించబడును," అని చదివి వినిపించాడు. అప్పుడు బయట వాన పడుతోంది. అందరూ వ్యక్తిగత హోదాలో తడుస్తూ ఇళ్ళకు పోయారు.

సాకే నాగరత్నకు ఈ సంగతేదీ తెలియదు. ఆమె ఊరివాళ్ళ ట్రాక్టర్లు నడిపే మారెప్ప కూతురు. నేలమీద నడిపే విద్య ఇంట్లోనే ఉంది, గాలిలో నడిపేది నేర్చుకుందామని సర్కారు సీటు మీద ఇక్కడికి వచ్చింది. అన్నీ పూర్తిచేసింది. ఒక్కటే మిగిలింది: పక్కన గురువు లేకుండా ఒక్కతే విమానం తీసుకుని, దూరాన ఉన్న బూదిగుంట మైదానంలో దిగి, మళ్ళీ లేచి, తిరిగి రావాలి. అది అక్టోబరు నెలాఖరులోగా అయిపోవాలి. కాకపోతే శిక్షణ మురిగిపోతుంది, సీటు రెండోసారి రాదు.

ఆమె దినచర్య గడియారానికి అందేది కాదు. కోడి కూయకముందే లేచేది. చన్నీళ్ళతో ముఖం కడుక్కునేది. చీకట్లోనే జడ వేసుకునేది. వేయించిన శెనక్కాయలు గుప్పెడు జేబులో పోసుకుని షెడ్డుకు పోయేది. విమానం చుట్టూ తిరిగి రెక్కలు తడిమి చూసేది, పంకా అంచు మీద అరచెయ్యి ఆనించి గాటు ఉందేమో చూసేది, అడుగునుంచి కాస్త ఇంధనం గాజుగ్లాసులోకి పట్టి నీళ్ళు కలిశాయేమో దీపానికెత్తి చూసేది. అంతా అయ్యాక ఒక కుర్చీ వేసుకుని కూర్చునేది. కళ్ళు మూసుకుని, లేని కర్రను చేత్తో పట్టుకుని, లేని పెడళ్ళను కాళ్ళతో తొక్కుతూ, బూదిగుంట దాకా కుర్చీలోనే పోయి వచ్చేది. రేడియోలో చెప్పాల్సిన మాటలన్నీ పైకే చెప్పేది. కొత్తగా చూసినవాళ్ళు పిల్లకు గాలి సోకిందనుకునేవాళ్ళు.

ఆ రోజు కుర్చీలో ఆమె ఇంకా బూదిగుంట చేరకముందే నిజం మబ్బు నేలకు దిగింది. గురువు కెప్టెన్ దయానందం షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూసి, "రన్‌వే చివర కనపడల్యా పాపా. పోయి పండుకో," అన్నాడు. ఆయనది నంద్యాల పక్క. మాట పొదుపు, మనిషి నెమ్మది.

ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు రంగనాయకులు రిజిస్టరు విప్పి ఆమెకోసం కాచుకుని ఉన్నాడు.

"ఎందుకు ఎగరల్యా?"

"మబ్బు దిగింది గదా సార్. కిటికీలోంచి చూడండి, షెడ్డే కనపడల్యా."

"కిటికీలోంచి చూసి రాసే ఉద్యోగం కాదమ్మా నాది. నువ్వేం చేసినావో చెప్పు, లేచినకాడ్నుంచి."

"మొగం కడుక్కున్నా."

"అది అందరూ చేసేదే. ఇంకా?"

"తల దువ్వుకున్నా."

రంగనాయకులు కలం ఆపి ఆమె జడ వంక చూశాడు. నడుం దాటిన జడ. "ఇంత జుట్టు దువ్వాలంటే టయిం పడతాది గదా."

"తెల్లారకముందే అయిపోయింది సార్."

"పడతాదా, పడదా?"

"పడతాది."

"అదీ."

అని, గుండ్రటి అక్షరాలతో రాశాడు: శిక్షణార్థి తల దువ్వుకొనుట వలన.

అది వానల కాలం. మబ్బు దిగిన పొద్దు మబ్బుకు, గాలి లేచిన పొద్దు గాలికి నాగరత్నే జవాబుదారీ అయింది. మిగతా విద్యార్థులు అప్పటికే సెలవు పెట్టి ఊళ్ళకు పోయారు, గడువు మీదపడింది ఆమెకే కనుక ఆమె పోలేదు. తల దువ్వుకొనుట వలన, శెనక్కాయలు నములుట వలన, కుర్చీలో కూర్చుని గొణుగుట వలన అని పేజీలు నిండాయి. నెల తిరిగేసరికి తుమ్మలదిన్నెలో వాతావరణం వల్ల జరిగిన ఆలస్యం సున్న అని పైకి పోయింది. పైనుంచి అభినందన లేఖ వచ్చింది, దాని వెనకే ఇత్తడి షీల్డు వచ్చింది. షీల్డు మీద ఎగురుతున్న విమానం బొమ్మ ఉంది. ఆ నెలలో తుమ్మలదిన్నెలో ఎగిరింది అదొక్కటే.

కారణం దొరికిన తర్వాత చర్య తీసుకోకుండా ఉండటానికి డైరెక్టరు చేతకానివాడు కాడు. నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించాడు. రికార్డులను క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, సదరు శిక్షణార్థి తల దువ్వుకొనిన దినములలో రన్‌వే కనిపించకుండా పోవుచున్నట్టు స్పష్టమైనందున, దువ్వుకొనుట తక్షణమే నిలుపుదల చేయవలసినది.

నాగరత్న ఆ కాగితం రెండుసార్లు చదివి కెప్టెన్ దగ్గరికి పోయింది. "ఏంది సార్ ఇది? నా జుట్టును చూసి మబ్బు వస్తాదా?"

"రాదు."

"ఆ మాట మీరు పెద్దసారుకు చెప్పొచ్చు గదా."

"చెప్పినా. అది వ్యక్తిగత హోదాలో చెప్పినట్టు రాసుకున్న్యారు." అని, "దువ్వకుండా ఉంటే ఎగరనిస్తారేమో చూద్దాం. రేపు దువ్వొద్దు," అన్నాడు.

మర్నాడు ఆమె దువ్వలేదు. ఆకాశం అద్దం తుడిచిపెట్టినట్టు ఉంది. డైరెక్టరుకు ఒళ్ళు పులకరించింది. "శాస్త్రీయంగా రుజువైంది," అన్నాడు. నాగరత్న విమానం ఎక్కబోయింది.

"ఆగమ్మా," అన్నాడు డైరెక్టరు. "నువ్వు దువ్వలేదని ధ్రువీకరణ కావాలి. ఆడపిల్ల తలకు సంబంధించిన విషయం కనుక మహిళా అధికారి పరిశీలించాలి. జిల్లానుంచి బయలుదేరారు."

మహిళా అధికారి బస్సు దిగి, మజ్జిగ తాగి, నాగరత్న తలలో వేళ్ళు పెట్టి చిక్కులు చూసి, దువ్వినట్టు ఆనవాళ్ళు లేవని సంతకం పెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అడ్డగాలి లేచింది. గడ్డి పరకలన్నీ పడమటికి పడుకున్నాయి. ఆ గాలిలో శిక్షణలో ఉన్నవాళ్ళు ఎగరకూడదు. రంగనాయకులు రిజిస్టరు విప్పి కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. ఆమె పొద్దుటినుంచి ఏ పనీ చేయలేదు. చివరికి, శిక్షణార్థి ఊరకే నిలబడుట వలన, అని రాశాడు.

పొద్దున తెరిపి ఇచ్చిన ప్రతి రోజూ ఇదే తంతు నడిచింది. ఆకాశం బాగున్నంతసేపూ ఆమె తలను చూశారు. తల బాగుందని తేలేసరికి ఆకాశం చెడిపోయేది.

ఇలా ఉండగా ఎగువపల్లినుంచి రైతులు వచ్చారు. ముందు నడిచినాయన పేరు ఓబులేసు. భుజాన తువ్వాలు, చేతిలో నోటీసు బోర్డు మీది ఉత్తర్వుకు నకలు. ఎగువపల్లిలో ఆలస్యంగా విత్తిన శెనక్కాయ చెట్లు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు ఎండుతున్నాయి. తుమ్మలదిన్నెకు పట్టిన మబ్బు కొండ దాటి అక్కడికి పోవడం లేదు.

"మీ బోర్డు మీదనే ఉండాది సామీ," అన్నాడు ఓబులేసు. "పాప తల దువ్వితే మబ్బు దిగుతాదని. మీ సంతకమే."

డైరెక్టరు ఇరుకున పడ్డాడు. కాదంటే రిజిస్టరు అబద్ధమవుతుంది. అవునంటే వాతావరణం ఉన్నట్టవుతుంది. గొంతు సవరించుకుని, "వాతావరణం అనునది లేదు. అయితే సదరు శిక్షణార్థి దువ్వుకొనినప్పుడు, ఒక విధమైన తేమతో కూడిన ఆలస్యం ఏర్పడుచున్న మాట వాస్తవం," అన్నాడు.

"ఆ ఆలస్యమే మాకు రెండు పదున్ల మందం, నేల బాగా నానేటట్టు, కావల్ల. ఒక వారం మా ఊరికి పంపించండి. అన్నం, నీళ్ళు మేం చూసుకుంటాం. నూనె మా ఆడోళ్ళు తెస్తారు."

నాగరత్న గడపలోనే ఉంది. "పెద్దాయనా, నేను విమానం నేర్చుకోను వచ్చినా. వాన తెప్పించేదాన్ని కాదు," అంది.

ఓబులేసు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏమో పాపా. నిన్ను నమ్మితే మాకేం లాభం ల్యా. కాయితాన్ని నమ్మితే వానన్నా పడతాది."

ఓబులేసు కాగితం తహసీల్దారు దగ్గరికి, అక్కడినుంచి పైకి పోయింది. మేఘాన్ని ఏ శాఖా ఇంతవరకు అప్పు అడగలేదు కనుక పైవాళ్ళకు అది కొత్తగా, ముచ్చటగా తోచింది. సదరు శిక్షణార్థి సేవలను కరువు నివారణ నిమిత్తం డెప్యుటేషన్‌పై వినియోగించుకొనవచ్చునని అనుమతి వచ్చింది. శాఖల మధ్య సమన్వయానికి ఇదొక మైలురాయి అని డైరెక్టరు అందరికీ లడ్డూలు పంచాడు.

అలా నాగరత్న ఎగువపల్లి తహసీల్దారు ఆఫీసు వరండాలో కుర్చీ వేసుకుని తల దువ్వుకునే ఉద్యోగంలో చేరింది. ఆడవాళ్ళు గిన్నెల్లో నువ్వులనూనె తెచ్చారు, కనకాంబరాలు తెచ్చారు. ఒక ముసలామె ఆమె వెనక కూర్చుని, "గట్టిగా దువ్వు తల్లీ, మాది చెరువు కింద చేను," అని బతిమాలింది. నాగరత్న ఒక చేత్తో దువ్వెన పట్టుకుని, రెండో చేత్తో లేని కర్ర పట్టుకుని, పెదాలు కదుపుతూ బూదిగుంటకు పోయి వస్తూ ఉండేది. అవి వానమంత్రాలనుకుని జనం దణ్ణం పెట్టేవారు.

ఆ వారంలోనే బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. ఎగువపల్లిలో వంకలు పారాయి.

ఇక ఆమె మాట ఎవరు వింటారు? గోరుచుట్టు మీద రోకటిపోటులా దిగువపల్లివాళ్ళు లారీ కట్టుకుని వచ్చారు. వాళ్ళు ముందే విత్తినవాళ్ళు. చెట్లు పీకి కాయలు కళ్ళాల్లో ఆరబోసుకున్నారు. "మా శెనక్కాయలు మొలకలొస్తాండాయి. ఆ పాప దువ్వేది మానల్ల," అని వరండా ముందు కూర్చున్నారు. "దువ్వల్ల," అని ఎగువపల్లివాళ్ళు ఎదురుగా కూర్చున్నారు. మధ్యలో నాగరత్న జుట్టు విరబోసుకుని, గ్రామదేవతలాగ, ఏం చేయాలో తోచక కూర్చుంది.

రెండు మండలాల అధికారులతో సంయుక్త సమావేశం జరిగింది. డైరెక్టరు సాంకేతిక సలహాదారుగా హాజరయ్యాడు. చర్చోపచర్చల మీదట, నడినెత్తిన పాపిట తీసి, ఎగువపల్లి వైపున్న సగం తల మాత్రమే దువ్వవలెనని, దిగువపల్లి వైపు సగం యథాతథస్థితిలో ఉంచవలెనని తీర్మానించారు. ఆమె కుర్చీ ఎటు తిరిగి ఉండాలో సర్వేయరు వచ్చి గీత గీసిపోయాడు.

ఆ సాయంత్రం కెప్టెన్ దయానందం మోటారు సైకిలు మీద వచ్చాడు. సగం నున్నగా, సగం పిచ్చుకగూడులా ఉన్న ఆమె తలను చూసి, మెట్టు మీద కూర్చున్నాడు.

"నెలాఖరు వచ్చేసింది సార్," అంది నాగరత్న.

"తెలుసు."

"మా నాయనకు ఫోన్ చేస్తే, ఎగిరినావా అని అడగడం మానేసినాడు. ఊళ్ళో వానపాప నాయన అంటాండారంట. కొందరు దణ్ణం పెడతాండారు, కొందరు తిడతాండారు."

"నీ భయమేంది?"

"ఎగరడం మరిచిపోతానేమోనని. చెయ్యి దువ్వెనకే అలవాటు పడతాంది."

దయానందం లేస్తూ అన్నాడు: "ఉన్న జుట్టును బట్టే గదా ఈ సంతంతా."

ఆయన అన్నది అంతే. మర్నాడు నాగరత్న సెలవు అడగలేదు. మొదటి బస్సుకు కదిరి నరసింహస్వామి గుడికి పోయింది. మంగలి ఆ జుట్టు చూసి, "ఏం మొక్కు తల్లీ?" అని అడిగాడు. "మొక్కు కాదు, విడుదల," అని తల వంచింది.

గుండుతో ఆమె తుమ్మలదిన్నె ఆఫీసులో అడుగుపెట్టింది గడువు ఆఖరి రోజున. ఆకాశానికి చిల్లి పడ్డట్టు వాన. రన్‌వే మీద నీళ్ళు చెరువులా నిలిచాయి. గాలికి షెడ్డు రేకులు చప్పట్లు కొడుతున్నాయి. డైరెక్టరు ఆమె తలను చూసి మొదట అదిరిపడ్డాడు, తర్వాత ఆలోచించాడు, తర్వాత ముఖం విప్పారింది.

"ఆలస్యమునకు మూలకారణం శాశ్వతంగా తొలగిపోయినది. ఇక ఆలస్యం ఉండుటకు అవకాశం లేదు. పో అమ్మా, ఎగురు," అన్నాడు.

"ఈ వానలోనా సార్?"

"ఏ వాన?"

కెప్టెన్ ముందుకు వచ్చాడు. "సార్, పిల్ల చచ్చిపోతాది."

"కారణం చూపండి కెప్టెన్ గారూ. ఆలస్యమునకు ఏదైనా కారణం చూపండి. తల లేదు. అనగా జుట్టు లేదు. శెనక్కాయలు?"

"తినల్యా సార్," అంది నాగరత్న. ఆమె కిటికీలోంచి విమానం వంక చూసింది. తలుపు తెరిచి ఉన్న షెడ్డులో తాళ్ళతో కట్టేసిన విమానం గాలికి తాళ్ళు తెంపుకునేలా ఊగుతోంది. ఇన్నాళ్ళు దేనికోసం కళ్ళు కాయలు కాచేలా చూసిందో అదిప్పుడు పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. తీసుకుంటే ప్రాణం పోతుంది, తీసుకోకుంటే సీటు పోతుంది. "నేను ఎగరను. సీటు పోతే పోనీ. భయపడింది అని రాసుకోండి."

రంగనాయకులు రిజిస్టరులో అప్పటిదాకా రాసిన కారణాలన్నీ వేలితో వెతికాడు. "భయం ఇందులో లేదు సార్. ఇంతవరకు ఎవురూ చెప్పల్యా."

డైరెక్టరు కళ్ళు మూసుకున్నాడు. ఆయన జీవితంలో అంత లోతుగా ఎన్నడూ ఆలోచించలేదు. కళ్ళు తెరిచి, మెల్లగా, ఒక్కో మాటా తూచి చెప్పాడు.

"కారణం లేదు కనుక ఆలస్యం లేదు. ఆలస్యం లేదు కనుక విమానం సమయానికి బయలుదేరినది. రాయండి."

రంగనాయకులు రాశాడు. నాగరత్న కుర్చీ లాగి కూర్చోబోయింది.

"అక్కడ కూర్చోవద్దమ్మా. నువ్వు గాలిలో ఉన్నావు," అన్నాడు డైరెక్టరు.

ఆమెను షెడ్డులోకి పంపించారు. బంట్రోతు టీ తెస్తే, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదని వెనక్కి పిలిచారు. బూదిగుంటలో దిగే వేళకు డైరెక్టరు, "దిగి ఉంటుంది," అన్నాడు. తిరిగివచ్చే వేళకు గొడుగు వేయించుకుని షెడ్డు దాకా నడిచి వచ్చి, ఆమె మెడలో బంతిపూల దండ వేశాడు. "ఒంటరి ప్రయాణం దిగ్విజయంగా ముగించినందుకు అభినందనలు. తడవలేదు కూడా," అన్నాడు. ఆ సాయంత్రమే శిక్షణ పూర్తయినట్టు కాగితం చేతికి వచ్చింది.

నాగరత్న ఆ కాగితం తండ్రికి చూపలేదు. రెండు రోజులు గుండు మీద చెయ్యి పెట్టుకుని హాస్టలు మెట్ల మీద కూర్చుంది. మూడోనాటి పొద్దున వాన వెలిసింది. ఆమె నడుచుకుంటూ దయానందం ఇంటికి పోయింది. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు.

"నా ప్రయాణం యాడుంది సార్?" అంది.

"రిజిస్టరులో."

"అది నాకొద్దు. నేను పోయి రావల్ల."

"పోయి వచ్చినావని రాసేసినారు. మళ్ళీ పోతే ఏ గడిలో రాయల్ల?"

"రాయకండి."

దయానందం పుక్కిలించి ఉమ్మి, ఆకాశం వంక చూశాడు. ఒక్క మబ్బు తునక లేదు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. చొక్కా వేసుకుని ఆమెతో షెడ్డుకు నడిచాడు. బూదిగుంట కావలివాడికి ఫోన్ చేసి పిల్ల వస్తోందని చెప్పాడు. ఆమె రెక్కలు తడిమింది, ఇంధనం వెలుతురుకెత్తి చూసింది. ఆయన మళ్ళీ అన్నీ తానే చూశాడు. చూసి, తాళ్ళు విప్పాడు.

ఇంజను చప్పుడుకు డైరెక్టరు చేతిలో కాఫీగ్లాసుతో వరండాలోకి వచ్చాడు. "ఏమిటా మోత?"

రంగనాయకులు రిజిస్టరు తెచ్చి విప్పాడు. "రెండు విమానాలూ షెడ్డులోనే ఉండాయి సార్. పొద్దున్నే రాసినా."

"నాగరత్న?"

"ఆ పాప మొన్ననే ఎగిరి వచ్చేసింది గదా సార్."

"అలా అయితే సరే," అని డైరెక్టరు రిజిస్టరు మీద పొట్టి సంతకం పెట్టాడు. ఆయన నెత్తిమీదుగా, వరండా పెంకులు గలగలలాడేలా, విమానం దాటింది. కాఫీ తొణికింది. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని లోపలికి పోయాడు.

పైన నాగరత్న పక్కసీటు ఖాళీగా ఉంది. గుండుకు గాలి చల్లగా తగులుతోంది. కింద ఎగువపల్లి చేలు పచ్చగా, దిగువపల్లి కళ్ళాలు ఎర్రగా, ఒక గట్టుకు అటూ ఇటూ కనిపిస్తున్నాయి. ఇవతల తుమ్మలదిన్నె ఆఫీసు ముందు తెల్లచొక్కాలు వరుసగా నిలబడ్డాయి, పొద్దుటి హాజరు కాబోలు. ఒక్కడూ తల ఎత్తలేదు. ఆమె రెక్క వాల్చి బూదిగుంట వైపుకు తిరిగింది.